పుట్ ఆఫ్ అంటే ఆర్పుడు

మా బోధన్ బడిలో ఇంగ్లీషును కందిలితో నేర్పేవారు. పట్టపగలు పదకొండు గంటలకు, బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే, మా సారు బల్ల మీద కందిలి పెట్టి అగ్గిపుల్ల గీసేవారు. ఆ వెలుగులో మాకు కొత్తగా కనిపించేదేమీ లేదు. కిరసనాయిలు వాసన మాత్రం వెనక బెంచీ దాకా వచ్చేది.

సారు తప్పు లేదు. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. యాభై ఆరులో రాష్ట్రం మారింది, బడిలో చదువు మెల్లమెల్లగా ఉర్దూ నుంచి తెలుగుకు మళ్ళింది. నిన్నటి దాకా ఉర్దూలో లెక్కలు చెప్పిన మనిషిని పిలిచి, ఇవాళ్టి నుంచి తెలుగులో ఇంగ్లీషు చెప్పు అన్నారు. ఆయన కాదనలేదు. ఏ గంటలో ఏ భాష మాట్లాడుతున్నారో ఒక్కోసారి ఆయనకూ తెలిసేది కాదు, మాకూ తెలిసేది కాదు. అయినా ఎలాగో నడిచిపోయింది.

ఇంగ్లీషులో రెండు ముక్కల క్రియలుంటాయి కదా, వాటికి సారు పెట్టిన పేరు జోడీలు.

“పుట్ మానే రఖ్నా. పెట్టుడు. ఆఫ్ మానే దూర్. దూరం,” అనేవారు సారు. “మరి రెండు గలిస్తే దూరం పెట్టుడా? కాదు! ఎడ్లను జోడి గట్టినట్టు. ఎద్దు ఒక్కటే ఉంటే దానిష్టం, ఎటన్న పోతది. కాడి కింద మెడ వెట్టినంక దాని నడకే వేరు.”

చెరకు బండ్ల మధ్య పుట్టి పెరిగిన పిల్లలం. ఈ మాట మాకు చటుక్కున ఎక్కింది. తర్వాత కందిలి పని మొదలయ్యేది. మర తిప్పి ఒత్తి పైకి లేపితే టర్న్ అప్. కిందికి దించితే టర్న్ డౌన్. గాలికి దానంతటదే ఆరిపోతే గో ఔట్. నూనె నిండుకుంటే రన్ ఔట్. చివరికి సారు చిమ్నీ ఎత్తి ఉఫ్ అని ఊది, పొగలో దగ్గుతూ “పుట్ ఆఫ్!” అనేవారు. మేమంతా ఒక్క గొంతుతో “పుట్ ఆఫ్ అంటే ఆర్పుడు!” అని అరిచేవాళ్ళం. పక్క గదిలో చరిత్ర పాఠం ఆగిపోయేది.

పుట్ ఆఫ్‌కు ఇంకో అర్థం ఉందని సారు చెప్పారో లేదో నాకు తెలియదు. చెప్పిన రోజు నేను బడికి వెళ్ళలేదేమో. నా నోట్‌బుక్కులో మాత్రం ఒక్కటే ఉంది, ఎర్ర సిరాతో, కింద రెండు గీతలతో.

తొమ్మిదో తరగతిలో ఇంగ్లీషు మార్కులు నాకే ఎక్కువ. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మేముండే వాడంతా చక్కెర కార్ఖానాలో సీజన్ కూలీలు. ఆ వాడకంతటికీ ఇంగ్లీషు తెలిసిన మనిషిని నేనే. మందు సీసా మీద చీటీ కానివ్వండి, డబ్బా పాల మీద రాత కానివ్వండి, నా దగ్గరికే వచ్చేది. తెలియనిచోట తెలియదని చెప్పే అలవాటు నాకు అప్పటికి లేదు. మా కోళ్ళతో కూడా ఇంగ్లీషులోనే మాట్లాడేదాన్ని. కమ్ ఇన్ అంటే వచ్చేవి. గెట్ ఔట్ అంటే కదిలేవి కావు. వాటికి ఇంకా పాఠం కాలేదని సరిపెట్టుకున్నాను.

బాపు, అంటే మా నాన్న, ఆ గర్వాన్ని బాగా మేపాడు. ఆయన కార్ఖానాలో చెరకు తూకం దగ్గర పని చేసేవాడు. క్రషింగు నడిచినన్నాళ్ళూ పని, అది ముగిసిందంటే ఇల్లు. బాపుకు వచ్చిన ఇంగ్లీషు అంతా ఆ తూకం కాంటా దగ్గర అంటుకున్నదే. లోడు, గేటు, షిఫ్టు, సీజన్, ఆఫ్ సీజన్. ఈ చివరి మాట మా వాడలో అందరికీ తెలుసు. చంటిపిల్లలకు కూడా తెలుసు, ఎందుకంటే ఆఫ్ సీజన్‌లో బెల్లం ముక్క అడిగితే వీపు మీద పడేది.

ఇక అక్క సంగతి చెప్పాలి. నాకంటే అయిదేళ్ళు పెద్దది. ఏడో తరగతి దాకా ఉర్దూలోనే చదివి పాసైంది. ఆమె బడి మానేసరికి ఉర్దూ చదువుకు గిరాకీ తగ్గింది. ఎంతో శ్రమపడి నేర్చుకున్న అక్షరాలు దుకాణాల బోర్డులు చదవడానికి తప్ప పనికిరాలేదు. ఇంగ్లీషు మాత్రం ఆమెకు అస్సలు రాదు. నాకేమో తెలుగు తేరగా దొరికింది, ఇంగ్లీషు కందిలితో సహా దొరికింది. అక్కడికేదో నేనే తెలివైనదాన్ని అయినట్టు తిరిగేదాన్ని.

అక్కకు నర్సు కావాలని ఉండేది. ఒకసారి అవ్వకు, అంటే మా అమ్మకు, టైఫాయిడ్ వస్తే నిజామాబాద్‌లోని దవాఖానాలో మూడు వారాలు పెట్టాం. అవ్వ పక్కన అక్కే ఉంది. ఇంటికొచ్చాక ఆమె మాటలన్నీ ఆ వార్డు గురించే. దుప్పటి మూలలు ఎలా మడుస్తారో మా నులక మంచం మీద చేసి చూపించేది. నా చెయ్యి పట్టుకుని నాడి లెక్కపెట్టేది. అక్క ఏదైనా కావాలని అడగడం మేం ఎరగం, అదొక్కటే అడిగింది. ఆ దవాఖానాలోనే నర్సు ట్రైనింగు ఇస్తారని, ఏడో తరగతి పాసైతే చాలని చర్చిలో పాస్టరయ్య చెప్పారు. ఆయనే దరఖాస్తు రాసి పంపారు. ఏప్రిల్ నడుమ ఇంటర్వ్యూకు రమ్మని కాయితం వచ్చింది. అక్క ఎవరినో అడిగి తెల్ల చీర తెచ్చుకుంది, గంజి పెట్టి, ఇస్త్రీ లేక ట్రంకు పెట్టె కింద మడతపెట్టింది. రోజూ పెట్టె ఎత్తి చూసుకునేది.

ఇంటర్వ్యూకు నాలుగు రోజులుందనగా రెండో కాయితం వచ్చింది. కార్ఖానాలో ఆ వారమే క్రషింగు ఆగింది. బాపు ఇంట్లోనే ఉన్నాడు.

కాయితం ఇంగ్లీషులో టైపు కొట్టి ఉంది. రెండే వాక్యాలు. మొదటిదాంట్లో ఇంటర్వ్యూ, పుట్ ఆఫ్, ఒక తారీఖు, సోమవారం అని ఉన్నాయి. పుట్ ఆఫ్ కనపడగానే నాకు పాత చుట్టం ఎదురొచ్చినట్టయింది. రెండో వాక్యం చదవనే లేదు. ఏడుపు మొహం పెట్టాల్సింది, కానీ నిజం చెబుతున్నాను, ముందు సంతోషమే వేసింది. నాకు తెలిసిన మాట వచ్చిందని సంతోషం.

“ఏం రాసిండ్రు చెల్లె?” అంది అక్క. చేతికి అంటిన పిండి తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

“ఇంటర్వ్యూ ఆర్పేసిండ్రు అక్కా,” అన్నాను.

“ఆర్పుడేంది?”

“పుట్ ఆఫ్ అంటే ఆర్పుడు. ఇంటర్వ్యూ లేదు. బంద్.”

అవ్వ నమ్మలేదు. “పాస్టరయ్యకు సూపిద్దాం. ఆయన మాక్లూర్ దిక్కు ఊర్లకు పోయిండు, ఐతారం వస్తడు గద,” అంది.

నాకు రోషం వచ్చింది. నోట్‌బుక్కు తెచ్చి ఎర్ర సిరా గీతలు చూపించాను. ఉర్దూలో చదివిన అక్కకూ చదువే లేని అవ్వకూ ఆ గీతలు ఏం చెప్పాయో తెలియదు. బాపుకు మాత్రం గట్టి రుజువు దొరికింది.

“ఎవ్వలకు సూపుడెందుకే? ఇంట్ల ఇంగ్లీషు ఉండంగ బయట అడుగుతరా?” అన్నాడు. “గా ఆఫ్ అన్న మాట నాకెర్క లేదా? ఆఫ్ సీజన్ అంటే ఏంది? పని లేదు, ఇంటికి పో అన్నట్టు. బిడ్డ సరిగ్గనే సెప్పింది.”

“మరి గీ తారీఖు ఎందుకు రాసిండ్రు?” అంది అక్క. అక్షరాలు రాకపోయినా అంకెలు చూసి తారీఖు పోల్చుకుంది. అసలు ప్రశ్న అదే. ఆ ఇంట్లో తెలివిగల మాట మాట్లాడింది ఆమె ఒక్కతే.

“ఆ దినం ఆర్పుతరన్నట్టు,” అన్నాను నేను, రెప్ప కొట్టకుండా.

అక్క పెట్టె ఎత్తి చీర తీసి, ఎవరిది వాళ్ళకు ఇచ్చి వచ్చింది. మర్నాటి నుంచి ఊరి బయట ఒక రైతు ఇంట్లో పసుపు కొమ్ములు మెరుగు పెట్టే పనికి పోయింది. సాయంత్రం వచ్చేసరికి చేతులు, ముక్కు, కనుబొమలు అన్నీ పచ్చగా ఉండేవి. మా వాడ పిల్లలు పెళ్ళికూతురని వెంటపడేవాళ్ళు. ఆమె నవ్వేది కూడా. ఆ ఆదివారం పాస్టరయ్య వచ్చారు గానీ, ఆరిపోయిన సంగతి ఆయనకెందుకని ఎవరూ కాయితం తీసుకుపోలేదు. అక్క దాన్ని బైబిల్లో పెట్టుకుంది.

ఆ సోమవారం రానే వచ్చింది. మాకు ఏడాది పరీక్షలు మొదలు కావాలి. పొద్దున్నే ఇంగ్లీషు. మేం అట్టలూ కలాలూ పట్టుకుని కూర్చుంటే గంట దాటాక సారు చేతులూపుకుంటూ వచ్చారు. ప్రశ్నల కట్ట రాలేదట.

“ఎగ్జామ్ ఈజ్ పుట్ ఆఫ్ టు థర్స్‌డే,” అని బోర్డు మీద రాశారు.

తరగతంతా గోల చేసింది. నేను లేచి నిలబడ్డాను. “సారూ, పరీక్ష ఆర్పేసిండ్రా? మరి గురువారం మళ్ళ ముట్టిస్తరా?”

సారు పడీ పడీ నవ్వారు. “అరే పాగల్, పరీక్ష ఏమన్న కందిలానే? కందిలి దగ్గర పుట్ ఆఫ్ అంటే ఆర్పుడు. పరీక్ష దగ్గర పుట్ ఆఫ్ అంటే ఎన్కకు జరుపుడు. వాయిదా! గురువారం రండ్రి, గంతే.”

అందరూ నవ్వారు. సారు కూడా నా నవ్వు కోసం చూశారు. నా కాళ్ళు అప్పటికే గడప దాటాయి.

పసుపు రైతు ఇల్లు బడికి రెండు మైళ్ళు. ఎంతసేపట్లో పరుగెత్తానో తెలియదు. దారంతా ఒక్కటే ఆలోచన, ఏమని చెప్పాలి. తప్పు చదివానని చెప్పాలని బయలుదేరాను. అక్క ఎదుట పడేసరికి నోట్లోంచి వేరే మాట వచ్చింది.

“అక్కా, ఇంటర్వ్యూ ఇయ్యాల్నేనట! వాళ్ళు తప్పు రాసిండ్రు. పోస్ట్‌పోన్ అని రాయాలె, పుట్ ఆఫ్ అని రాసిండ్రు. సారు సెప్పిండు.”

పాపం సారు. ఆయన అలా అనలేదు.

అక్క చేతులు కడుక్కుంది, పసుపు పోలేదు. తెల్ల చీర తెచ్చుకునే వేళ లేదు. పని మీదున్న చీరతోనే, నన్ను వెంటబెట్టుకుని బస్సు కోసం పరుగెత్తింది. నిజామాబాద్‌లో దిగి దవాఖానా చేరేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. వరండాలో కుర్చీలు ఒకదాని మీద ఒకటి ఎత్తిపెడుతున్నారు.

మేట్రన్ కోస్తా నుంచి వచ్చినావిడ. చెడ్డ మనిషి కాదు. అక్క చేతులు చూసి ఏమీ అనలేదు. “పొద్దున తొమ్మిదింటికి కదమ్మా. ఉత్తరం అందలేదా?” అంది.

అక్క నా వైపు చూడలేదు. “అందిందమ్మా. బస్సు దొరకలే,” అంది.

“అయ్యో. సీట్లన్నీ నిండిపోయాయి. వచ్చే ఏడు రా తల్లీ, ముందుగా బయలుదేరు,” అంది మేట్రన్. తర్వాత నన్ను చూసి, “నువ్వు చదువుకుంటున్నావా? ఇంగ్లీషు వచ్చా?” అని అడిగింది.

“వచ్చు,” అన్నాను.

ఇప్పటికీ ఆ ఒక్క మాట తలుచుకుంటే నా నాలుక మీద నాకే కోపం వస్తుంది.

మరుసటి ఏడు అక్క మళ్ళీ వెళ్ళింది, తెల్ల చీర కట్టుకుని, రెండు గంటలు ముందుగా. ఆ ఏడు నుంచి ఏడో తరగతి చాలదట, మెట్రిక్ కావాలట. అదే దవాఖానాలో ఆయా పని ఖాళీ ఉందంటే ఒప్పుకుంది. దుప్పటి మూలలు ఎలా మడవాలో అక్కడెవరూ ఆమెకు నేర్పనక్కర్లేకపోయింది.

బాపు మాత్రం ఓడిపోలేదు. కార్ఖానా గేటు ముందు చాయ్ హోటల్లో ఏళ్ళ తరబడి ఒకటే మాట. “గంత పెద్ద దవాఖాన, ఒక్కనికి ఇంగ్లీషు రాదు! మా సిన్న బిడ్డ తప్పు వట్టింది.” ఆ మాట నా ఎదుటే అనేవాడు. నేను తల దించుకుంటే అణకువ అనుకునేవాడు.

నేను మెట్రిక్ పాసై కాలేజీ చదువుకు నిజామాబాద్ వచ్చాను. ఎక్కడున్నానంటే, అక్క గదిలోనే. ఆమె డ్యూటీకి పోయే ముందు నాకు అన్నం డబ్బా కట్టిపెట్టేది. నేను డిక్షనరీ ముందేసుకుని కూర్చుంటే, పక్కనే కింద కూర్చుని తన నీలం అంచు చీర ఉతుక్కునేది. ఆమెకంటే చిన్నవాళ్ళు, నిన్నగాక మొన్న టోపీ పెట్టుకున్న నర్సులు ఆమెను “ఆయా, ఇటు రా,” అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపు ఒకసారి విన్నాక నేను వార్డు వైపు వెళ్ళడం మానేశాను. చాలాసార్లు చెప్పేద్దామనుకున్నాను. ఇవాళ కాదు రేపు, రేపు కాదు పండక్కి అని జరుపుకుంటూ పోయాను. దానికి ఇంగ్లీషులో ఏమంటారో నాకు అప్పటికి బాగానే తెలుసు.

ఒక పిచ్చి ఆశ ఉండేది నాకు. వార్డులో అక్కకు పుట్ ఆఫ్ అనే మాట దీపాల దగ్గరే వినపడుతుందని, లైట్ పుట్ ఆఫ్ చెయ్యి ఆయా అంటే చేస్తుందని, మిగతాది ఆమె దాకా రాదని. ఆపరేషన్లు కూడా పుట్ ఆఫ్ అవుతాయని, ఆ సంగతి రోగులకు చెప్పి వాళ్ళ మంచాలు వెనక్కు తోసేది ఆయాలేనని నేను ఆలోచించలేదు. ఆలోచించదలచుకోలేదు.

డెబ్బైల్లో నేను ఇంగ్లీషు టీచర్నయ్యాను, నిజామాబాద్‌లోనే. నవ్వండి, నవ్వాల్సిందే. ప్రతి జూన్‌లోనూ జోడీల పాఠం పుట్ ఆఫ్‌తోనే మొదలుపెట్టేదాన్ని. దీపం ఆర్పడం, వాయిదా వేయడం, మనసు విరిచేయడం, అన్ని అర్థాలూ బోర్డు నిండా రాసి, పిల్లల చేత పదేసి సార్లు రాయించి, ఎవరైనా ఒక్కటే రాస్తే గోడకుర్చీ వేయించేదాన్ని. పిల్లలు నాకు పుట్ ఆఫ్ టీచరమ్మ అని పేరు పెట్టారు. అంత కోపం ఎందుకో వాళ్ళకు తెలియదు.

ఒక ఆదివారం చర్చి నుంచి అక్క నేరుగా మా ఇంటికి వచ్చింది. చేతిలో కాయితం. దవాఖానా కాయితం, ఇంగ్లీషు, టైపు కొట్టింది.

“నిన్న ఆఫీసుల ఇచ్చిండ్రు. జర సదివి పెట్టు,” అంది.

కాయితం అందుకున్నాను. మొదటి వాక్యంలోనే పుట్ కనిపించింది. పదేళ్ళుగా జోడీలు పాఠం చెబుతున్నదాన్ని, లేచి డిక్షనరీ తెచ్చుకున్నాను. అయినా ధైర్యం చాలలేదు.

“అక్కా, మా హెడ్మిస్ట్రెస్‌కు చూపిద్దామా? ఆవిడకు నాకంటే బాగా తెలుసు,” అన్నాను.

“వద్దు. నువ్వే సదువు,” అంది అక్క. కుర్చీ నా దగ్గరికి జరుపుకుని కూర్చుంది. నా మోకాలి మీద చెయ్యి వేసి మెల్లగా అంది. “గీసారి నిదానంగ సదువు, చెల్లె. రెండో లైను గూడ.”

ఆ పాత కాయితం ఎవరి చేత చదివించుకుందో, ఎన్నేళ్ళ నుంచి తెలుసో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితే నాకే సిగ్గు. కళ్ళు తుడుచుకుని, ఒక్కో మాట కింద వేలు పెట్టి, చిన్నపిల్లలా చదివాను. ఆమె పేరును కమిటీ ముందు పెట్టారు. పుట్ అప్. ఏళ్ళ తరబడి పని చేస్తున్న ఆయాలకు చదువు నిబంధన తీసేశారు. సహాయ నర్సు ట్రైనింగుకు ఆమెను తీసుకున్నారు. వచ్చే నెల మొదటి సోమవారం పొద్దున తొమ్మిదింటికి రావాలి.

అక్క కాయితం తీసుకుని, తనకు రాని అక్షరాలను కింది దాకా చూసింది.

“ఆర్పలేదు గద?” అంది.

“లేదక్కా, లేదు,” అన్నాను. తారీఖు మాత్రం మూడుసార్లు చదివి చెప్పాను.